మా ఊరి పేపరు, నా పేపరు

విద్యార్థి సంఘం కార్యదర్శి సావనీరుకు ఏదైనా వ్రాయమని నన్ను అడిగినప్పుడు ఒక షరతు కూడా పెట్టాడు. "కవిత మాత్రం వద్దు. కవితలు ఇప్పటికే చాలా వచ్చినాయి. నువ్వు సైన్సు వాడివి గదా, నలుగురికీ పనికొచ్చేది వ్రాయి" అన్నాడు. పనికొచ్చేది నా దగ్గర ఒక్కటే ఉంది. పరిశోధనా పత్రికకు ఒక వ్యాసం పంపడం, అది తిరిగి రావడం, మళ్ళీ పంపడం. గత పధ్నాలుగు నెలలుగా నేను చేస్తున్న పని ఇదే. మన కాలేజీలో చాలామంది పి.జి.కి పోవాలనుకుంటున్నారు కాబట్టి, నేను ఎక్కడెక్కడ కాలు జారానో చెబితే వాళ్ళకు కొంత దారి తెలుస్తుందని ఈ నాలుగు మాటలు వ్రాస్తున్నాను.

మాది అల్లూరు. వరి పండించే కుటుంబం. నేను చదివేది వృక్షశాస్త్రం. మరి నేను పంపిన వ్యాసం మొక్కల గురించా అంటే కాదు. న్యూస్‌పేపరు గురించి. అదీ 1992 నాటి న్యూస్‌పేపరు గురించి. మా క్లాసువాళ్ళు నవ్వారు. మా పెదనాయన అయితే, "పేపర్లో పకోడీలు కట్టిస్తారు గాని, పేపరు మీద పరిశోధన కూడా చేస్తారంట్రా?" అన్నాడు.

చేస్తారు. ఆ సంగతి నాకూ రెండేళ్ళ క్రితం దాకా తెలియదు. అమెరికాలో ఒహాయో రాష్ట్రంలోని బౌలింగ్ గ్రీన్ విశ్వవిద్యాలయంలో రే బ్రౌన్ అనే ఆచార్యుడు 1967లో 'జర్నల్ ఆఫ్ పాపులర్ కల్చర్' అనే పత్రిక మొదలుపెట్టాడు. సినిమాలు, బొమ్మల కథలు, పాటలు, అగ్గువ నవలలు, అంటే జనం రోజూ చూసేవీ వినేవీ, పండితులు మాత్రం చదువు కింద లెక్కకట్టనివీ ఆ పత్రికకు విషయాలు. మన దేశంలో 'జర్నల్ ఆఫ్ ఆర్ట్స్ అండ్ ఐడియాస్' 1982లో వచ్చింది. ఎస్.వి. శ్రీనివాస్ గారు తెలుగు సినిమా అభిమాన సంఘాల మీద వ్రాసిన వ్యాసం 1996లో ఆ పత్రికలోనే అచ్చయింది. కటౌట్లకు దండలు వేసేవాళ్ళూ, మొదటి ఆట టిక్కెట్ల కోసం చొక్కాలు చింపుకునేవాళ్ళూ ఒట్టి పిచ్చివాళ్ళు కారనీ, హీరో తమ మాట నిలబెట్టకపోతే ఎదురు తిరిగేవాళ్ళు కూడా వాళ్ళేననీ ఆయన చూపించారు. తరువాత 2009లో చిరంజీవి గారి మీద ఆయన పుస్తకాన్ని ఆక్స్‌ఫర్డ్ యూనివర్శిటీ ప్రెస్సు వేసింది. మన పౌరాణిక, భక్తి చిత్రాల మీద ఉమామహేశ్వరి భృగుబండ గారి పుస్తకం 2018లో వచ్చింది. దక్షిణాసియా సినిమా, వీడియోల కోసమే 'బయోస్కోప్' అనే పత్రిక 2010 నుంచి నడుస్తోంది.

నన్ను కదిలించింది మాత్రం ఇవి కావు. రాబిన్ జెఫ్రీ అని, ఆస్ట్రేలియాలో పనిచేసిన ఆచార్యుడు. ఆయన భారతీయ భాషల పత్రికల మీద 'ఎకనామిక్ అండ్ పొలిటికల్ వీక్లీ'లో 1997లో వరుసగా వ్యాసాలు వ్రాశాడు. తెలుగుది ఫిబ్రవరి 1వ తేదీ సంచికలో ఉంది. 1974లో విశాఖపట్నంలో మొదలైన 'ఈనాడు' జిల్లాల్లోకి, పల్లెల్లోకి ఎట్లా పోయిందో చెబుతాడు. అది చదువుతుంటే నాకు మా నెల్లూరు జిల్లా సారా ఉద్యమం గుర్తుకు వచ్చింది. ఆ ఉద్యమం గురించి మన తరం వాళ్ళకు తెలిసింది తక్కువ గనుక రెండు ముక్కలు చెబుతాను. 1991లో మా జిల్లాలో అక్షరదీపం పేరుతో వయోజన విద్యా కార్యక్రమం జరిగింది. దూబగుంటలో రోశమ్మ, ఆమెతోటి ఆడవాళ్ళు సారా అంగడి మూయించారు. ఆ సంగతి 'ఆడవాళ్ళు ఏకమైతే' అనే పాఠంగా చదువు పుస్తకంలోకి ఎక్కింది. ఆ పాఠం చదివిన ఊళ్ళల్లో ఆడవాళ్ళు కొంగులు బిగించారు. 1992లో 'ఈనాడు' 'సారాపై సమరం' అని ఒక పేజీయే కేటాయించింది. 1993 ఏప్రిల్ 15 నుంచి నెల్లూరు జిల్లాలోనూ, అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతటా సారాను నిషేధించారు.

ఇంతవరకు పుస్తకాల్లో ఉంది. నాకు వచ్చిన సందేహం చిన్నది. పేపరు వల్ల ఉద్యమం పాకిందంటారు. ఆ ఉద్యమంలో దిగినవాళ్ళు చాలామంది చదువు రానివాళ్ళు. మరి చదువు రానివాళ్ళు పేపరు ఎట్లా చదివారు?

మా అవ్వను అడిగాను. "నేను చదవలా అబ్బయా, విన్నా. దినామూ మీ నాయన చదివేవోడు. రచ్చబండ కాడ మేమంతా కూచునేవోళ్ళం" అంది. అప్పుడు మా నాయనకు పధ్నాలుగేళ్ళు. తరువాత అవ్వ ఇంకో మాట అంది. "అంతా చదివేవోడు కాదులే. మధ్యలో మింగేసేవోడు. నాకు తెలీదా? నోరు ఆడితే పేపరు మీద కన్ను ఆగిపొయ్యేది, కన్ను కదిలితే నోరు ఆగిపొయ్యేది."

నా వ్యాసానికి విత్తనం ఈ మాటే. అచ్చులో సంపాదకుడు ఒకడుంటే, రచ్చబండ దగ్గర ఇంకొక సంపాదకుడు ఉన్నాడు. ఏ లైను చదవాలో, ఏది వదలాలో పధ్నాలుగేళ్ళ పిల్లవాడు నిర్ణయించేవాడు. ఊరికి చేరిన వార్త పేపర్లో అచ్చయిన వార్త కాదు, ఆ పిల్లవాడి గొంతు దాటిన వార్త. ఇది మా ఊళ్ళోనే జరిగిందా, అంతటానా అని చూడడానికి అల్లూరులోనూ చుట్టుపక్కల పల్లెల్లోనూ ముప్పై ఒక్కమందితో మాట్లాడాను. సెలవుల్లో, సాయంత్రం పూట, పొలం పని అయినాక. వాళ్ళలో పంతొమ్మిది మంది పేపరును చెవులతోనే చదివారు.

వ్రాయడానికి కూర్చున్నప్పుడు నాకు అక్కరకొచ్చింది మన ల్యాబు రికార్డు. ఉద్దేశ్యం, పరికరాలు, పద్ధతి, పరిశీలనలు, నిర్ధారణ. పరిశోధనా వ్యాసం కూడా దాదాపు అదే వరుస. ముందు నూట యాభై, రెండు వందల మాటల్లో సంగ్రహం. ఆ తరువాత ఇదివరకు ఈ విషయం మీద ఎవరేమన్నారు, వాళ్ళు అడగని ప్రశ్న ఏది, నేను ఎవరిని, ఎట్లా, ఎప్పుడు అడిగాను, ఏం తెలిసింది, దానివల్ల ఏమనుకోవచ్చు. ఒక్క తేడా ఉంది. ల్యాబులో రీడింగు తప్పు వస్తే పక్కవాడి రికార్డు చూసి దిద్దుకుంటాం (లెక్చరర్లు క్షమించాలి). ఇక్కడ ఆ వీలు లేదు.

ఇక దెబ్బ సంగతి. వ్యాసం పూర్తికాగానే నాకు తొందర ఎక్కువైంది. ఇంటర్నెట్లో ఒక పత్రిక కనబడింది. పేరు చెప్పను. పేరులో 'ఇంటర్నేషనల్' ఉంది, పైన ఎనిమిదంకెల ఐ.ఎస్.ఎస్.ఎన్. నంబరు ఉంది. శనివారం రాత్రి పంపాను. సోమవారం పొద్దున్నే అంగీకరించామని జవాబు. మా ఇంట్లో పాయసం కూడా చేశారు! రిజిస్ట్రేషనుకు అయిదు వందలు, అచ్చుకు నాలుగు వేలు కట్టమన్నారు. అయిదు వందలు నేనే కట్టాను. మిగిలింది మా నాయన ఇస్తానన్నాడు. అప్పుడే వడ్లు కాటా వేయించాడు. మా వైపు ధర మాట్లాడుకునేది పుట్టి లెక్కన, పుట్టంటే 850 కిలోలు. దళారి తరుగు కింద కోసుకున్నది పోను చేతికొచ్చిన డబ్బులోనుంచి ఎనిమిది అయిదు వందల నోట్లు విడిగా తీసి కాగితంలో చుట్టి పెట్టాడు.

ఆ కాగితం పొట్లంతోనే కాలేజీకి వచ్చి మా ఇంగ్లీషు మేడంకు సంతోషంగా చెప్పాను. ఆమె మూడు ప్రశ్నలు వేసింది. "రెండు రోజుల్లో, అందులో ఒకటి ఆదివారం, నీ వ్యాసం ఎవరు చదివారు? ఒక్క తప్పయినా చూపించారా? ఆ పత్రికలో వచ్చిన వ్యాసాల్లో ఒక్కటైనా నువ్వు చదివావా?" మూడింటికీ నా దగ్గర జవాబు లేదు. తరువాత ఆ పత్రిక సంచిక తెరిచి చూశాం. ఒకే సంచికలో గేదెల పాల దిగుబడి, శ్రీనాథుడి శృంగారం, బ్యాంకుల విలీనం. అన్నింటికీ ఒకే సంపాదక వర్గం.

ఇట్లాంటి పత్రికలు ఎన్నో ఉన్నాయట. కొలరాడోలో జెఫ్రీ బీల్ అనే లైబ్రేరియను వీటికి వేటాడే పత్రికలని పేరు పెట్టి చాలా ఏళ్ళు జాబితా నడిపాడు. మన యు.జి.సి. కూడా 'కేర్' అనే పేరుతో మంచి పత్రికల జాబితా ఒకటి 2019 నుంచి నడిపి, 2025 ఫిబ్రవరిలో దాన్ని ఆపేసింది. కాబట్టి ఇప్పుడు ఎవరి జాగ్రత్త వాళ్ళది. ఐ.ఎస్.ఎస్.ఎన్. అనేది బండికి నంబరు ప్లేటు లాంటిది. బండి ఎవరిదో చెబుతుంది గాని, ఇంజను మంచిదని చెప్పదు. డబ్బు అడిగిన ప్రతి పత్రికా మోసమని కూడా అనుకోవద్దు. అందరూ ఉచితంగా చదువుకునేటట్లు పెట్టే మంచి పత్రికల్లో కొన్ని, ముఖ్యంగా సైన్సులో, వ్రాసినవాళ్ళ దగ్గర రుసుము తీసుకుంటాయి. అయితే ఆ సంగతి ముందే చెబుతాయి, చదవకుండా అంగీకరించవు. మంచివాటిని వెతకడానికి 2003లో స్వీడన్‌లో మొదలైన డి.ఓ.ఎ.జె. అనే పట్టిక ఇప్పటికీ ఉంది.

నాలుగు వేలు మిగిలాయి. అయిదు వందలు పోయాయి. అంతకంటే పెద్ద భయం ఇంకొకటి పట్టుకుంది. వాళ్ళు నా వ్యాసాన్ని అట్లాగే అచ్చేస్తే, ఇంకే మంచి పత్రికా దాన్ని ముట్టుకోదు, ఇదివరకే అచ్చయింది గదా అంటుంది. మేడం దగ్గరుండి ఉపసంహరణ లేఖ వ్రాయించింది. జవాబు రాలేదు. మూడుసార్లు వ్రాశాను. వాళ్ళు అచ్చు మాత్రం వేయలేదు. డబ్బు రానందుకేమో!

అసలు పాఠం ఆ తరువాత మొదలైంది. ముందుగా పత్రికను ఎంచుకోవడం. వ్యాసం వ్రాసి పత్రికను వెతకడం కాదు, పత్రిక పాత సంచికలు చదివి, అందులో సాగుతున్న చర్చలో మనం చెప్పేది కలుస్తుందా అని చూసుకోవాలి. ఉప్పునీటి నేలలో మంచినీటి వరి వేస్తే ఏమవుతుందో సముద్రం పక్కన పుట్టినవాడిని నాకు వేరే చెప్పక్కరలేదు గాని, ఇక్కడ మాత్రం చెప్పించుకోవలసి వచ్చింది. రెండోది, ఒకసారి ఒక్క పత్రికకే పంపాలి. వాళ్ళు కాదన్నాకే ఇంకొకరికి. మూడోది, వాళ్ళ నియమావళి. మాటల లెక్క, ఫుట్‌నోట్లు ఏ పద్ధతిలో ఉండాలి, తెలుగు పేర్లను ఇంగ్లీషు లిపిలో ఎట్లా వ్రాసి అర్థం ఇవ్వాలి, అన్నీ ఉంటాయి. అది చదవకుండా పంపితే సంపాదకుడి బల్ల దాటదు. నాలుగోది బొమ్మలు. నేను పాత పేపరు పేజీ ఫోటో ఒకటి, ఆ నాటి సినిమా పోస్టరు ఒకటి జత చేశాను. ఫోటో నేను తీసినా పేజీ నాది కాదు గదా, హక్కుదారుల అనుమతి తెమ్మన్నారు. రెండూ తీసేశాను. పోస్టరు నిజానికి వ్యాసానికి అవసరం కూడా లేదు, బాగుందని పెట్టాను.

ఇక సమీక్ష. యూనివర్శిటీ వాల్యుయేషనులో పేరున్న ముక్క చింపి కోడు నంబరు వేస్తారు చూడండి, అట్లాంటిదే. వ్రాసినవాడెవరో చదివేవాడికి తెలియదు, చదివినవాడెవరో వ్రాసినవాడికి తెలియదు. సాధారణంగా ఇద్దరు చదువుతారు, జీతం లేకుండానే. ఇది అనాదిగా ఉన్న పద్ధతి అనుకున్నాను, కాదట. 'నేచర్' అంతటి పత్రిక కూడా బయటివాళ్ళ సమీక్షను తప్పనిసరి చేసింది 1973లోనే. వ్యాసంలో ఎక్కడా మన పేరు ఉండకూడదు. కంప్యూటరు ఫైలు వివరాల్లో కూడా పేరు దాగి ఉంటుంది, అదీ చెరిపేయాలి. నేను చెరిపేశాను. ఆ ఊపులో ఇంకొకటి కూడా చెరిపేశాను.

వ్యాసంలో మా నాయనను 'ఒక రైతు, అప్పటికి పధ్నాలుగేళ్ళు' అనీ, మా అవ్వను 'ఆ గ్రామపు వృద్ధురాలు' అనీ వ్రాశాను. వాళ్ళు నాకు ఏమవుతారో వ్రాయలేదు. వ్రాస్తే నేనెవరో తెలిసిపోతుంది, నియమం తప్పినట్లవుతుంది అని నాకు నేను చెప్పుకున్నాను. అసలు కారణం అది కాదు.

అయిదు నెలలకు ఇద్దరి అభిప్రాయాలూ వచ్చాయి. తిరస్కరించలేదు, సవరించి పంపమన్నారు. మొదటి సమీక్షకుడు, ముప్పై ఒక్కమందిని అడిగి జిల్లా మొత్తానికి తీర్పు చెప్పవద్దన్నాడు. న్యాయమే. 'జిల్లా' అన్న చోటల్లా కొట్టేసి ఊళ్ళ పేర్లు పెట్టాను. ఆ రోజుల పేపరును కళ్ళారా చూశావా అని కూడా అడిగాడు. ఒక గ్రంథాలయంలో పాత సంపుటాలు వెతికాను. కొన్ని నెలలవి దొరికాయి, కొన్ని చెదలు తిన్నాయి. దొరికినవి ఏవో, దొరకనివి ఏవో ఉన్నదున్నట్లు వ్రాశాను.

రెండో సమీక్షకుడిది ఒకే ఒక్క ప్రశ్న, కానీ అర పేజీ. ఈ పిల్లవాడు లైన్లు వదిలేసేవాడని చెప్పింది ఎవరు? ఆమెకు అతను ఏమవుతాడు? అతను ఎందుకు వదిలేశాడు? వ్యాసకర్తకు వీళ్ళతో సంబంధం ఏదైనా ఉంటే చదివేవాళ్ళకు తెలియాలి గదా?

నాకు చెమటలు పట్టాయి. ఎందుకు వదిలేశాడో నాకు తెలుసు. మా తాత తాగేవాడు. తాగి అవ్వను కొట్టేవాడు. పేపర్లో అట్లాంటి మొగుళ్ళ గురించి వచ్చిన లైను దగ్గర మా నాయన నోరు ఆగిపోయేది. చుట్టూ కూర్చున్న ఆడవాళ్ళందరికీ తెలిసిన సంగతే, అయినా కన్నకొడుకు గట్టిగా చదవలేడు. ఇది నేను వ్రాయకపోతే నా వ్యాసంలో అసలు సంగతి లేదు. వ్రాస్తే, చనిపోయిన మా తాత ఇంగ్లీషు పత్రికలో తాగుబోతు అవుతాడు.

ఇంట్లో చెప్పాను. నాయన చాలాసేపు మాట్లాడలేదు. తరువాత, "ఊళ్ళో తెలిసింది చాలదనా, ఇప్పుడు ఇంగ్లీషులో అచ్చేయిస్తావా?" అన్నాడు. ఆ రాత్రి అన్నం తినకుండా మోటారు వేయాలని పొలానికి పోయాడు. ఆ పూట కరెంటు లేదని మా ఇంట్లో అందరికీ తెలుసు. నేను మేడంకు ఫోను చేసి ఉపసంహరించుకుంటానన్నాను. ఆమె కోప్పడలేదు. "వాళ్ళ జీవితం వాళ్ళది. వద్దంటే వద్దే. కానీ నువ్వు అడిగిన తీరు సరిగ్గా ఉందా? చదివి వినిపించావా, లేక వ్రాసేశానని చెప్పావా?" అంది.

నేను వ్రాసేశాననే చెప్పాను. పత్రికవాళ్ళ సమ్మతి పత్రం ఒకటి ఉంటుంది. మనం ఎవరి మాటలు వాడుకుంటున్నామో వాళ్ళకు విషయం వివరించి సంతకం తీసుకోవాలి. నేను బయటి ఇరవై తొమ్మిది మంది దగ్గర తీసుకున్నాను. మా ఇంట్లోవాళ్ళే గదా అని ఈ ఇద్దరి దగ్గర తీసుకోలేదు.

ఆదివారం నాడు వ్యాసమంతా తెలుగులో చెబుతూ ఇద్దరికీ చదివి వినిపించాను. ముందు అవ్వ మాట్లాడింది. "దెబ్బలు తిన్నది నేను. నేను చెప్పమంటుండా. పేరు మటుకు వద్దు" అని, కాగితం తీసుకుని అక్షరదీపం రోజుల్లో నేర్చుకున్న సంతకం పెట్టింది. అయిదు అక్షరాలకు అయిదు నిమిషాలు పట్టింది. నాయన సంతకం పెట్టలేదు. కాగితాలు ఇచ్చి పొమ్మన్నాడు.

సవరించిన వ్యాసంలో 'పేపరు చదివిన వ్యక్తి వ్యాసకర్త తండ్రి, లైన్లు వదిలేసిన సంగతి చెప్పింది అతని తల్లి' అని వ్రాశాను. అట్లా వ్రాస్తే మన పేరు బయటపడదు, సంబంధం మాత్రం తెలుస్తుంది. సంపాదకుడిని అడిగితే అదే సరైన పద్ధతి అన్నాడు. ముందే అడిగి ఉంటే ఇంత కథ ఉండేది కాదు. ప్రతి సమీక్షకుడి ప్రశ్నకూ నేనేం మార్చానో, ఏది మార్చలేదో, ఎందుకో, వరుసగా విడి కాగితం మీద జవాబు వ్రాయాలి. నాది నాలుగు పేజీలు వచ్చింది. గడువు నెలాఖరు.

గడువుకు మూడు రోజుల ముందు నాయన కాగితాలు తెచ్చి నా మంచం మీద పెట్టాడు. సంతకం ఉంది. నాలుగో పేజీలో ఒక చోట పెన్సిలుతో గీత ఉంది. 'పేపరు ప్రతిరోజూ ఉదయం గ్రామానికి చేరేది' అని నేను వ్రాసిన చోటు. మా నాయన టెంత్ దాకా చదివాడు, ఆ మాత్రం ఇంగ్లీషు కూడబలుక్కుని చదువుకున్నాడన్నమాట.

"పొద్దున కాదురా. మధ్యాహ్నం బస్సుకొచ్చేది. నేను బడి నుంచి వచ్చినాకే గదా చదివేది" అన్నాడు.

దిద్ది పంపాను. రెండో విడత సమీక్షలో ఉంది.